రంగులరాట్నం ఎవరికోసం?

పోయిన కార్తీకంలో మా ఇంట్లో చిన్న తగాదా వచ్చింది. తగాదా అనగానే ఏ పొలం పంపకాల గురించో, ఆడపడుచు కట్నాల గురించో అనుకునేరు. అవేవీ కావు. రెండున్నరేళ్ళ మా మనవణ్ణి కురుమూర్తి జాతరలో ఏ రాట్నం ఎక్కించాలి, ఏది ఎక్కించకూడదు అన్నదే తగాదా. నవ్వకండి. ఇంత చిన్న సంగతి మీద నలుగురు పెద్దమనుషులు అరగంటసేపు ఎండలో నిలబడి వాదించుకున్నారంటే దాని వెనకాల ఇంకేదో వుండి వుంటుందని మీకు తోచటం లేదూ? నాకూ ఆ రాత్రి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక గాని తోచలేదు.

మాది వనపర్తి. పుట్టిల్లు గద్వాల. చెల్లెల్ని నాగర్‌కర్నూలు ఇచ్చారు. ఒకప్పుడు మేమందరం ఒకే పాలమూరు జిల్లా వాళ్ళం. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టాక నా పుట్టిల్లొక జిల్లా, మెట్టినిల్లొక జిల్లా, చెల్లెలిల్లొక జిల్లా అయిపోయాయి. కురుమూర్తి స్వామి మాత్రం మహబూబ్‌నగర్ జిల్లాలోనే వుండిపోయాడు. జిల్లాలు మారినా ఆ స్వామికి అలవాట్లు మారలేదు. ఆయన నగలు ఇప్పటికీ మా వనపర్తి జిల్లా ఆత్మకూరు నుంచే ఊరేగింపుగా వెళతాయి. ఆయన పాదుకలు వడ్డెమాన్‌లో తయారవుతాయి. వాటిని ఉద్దాలంటారు. దళితులు ఎంతో నిష్ఠతో ఆ తోలు పాదుకలు కుట్టి ఇస్తే, ఊళ్ళకి ఊళ్ళు వాటి వెంట నడుస్తాయి. తలమీద పెట్టుకుని మొక్కుతారు. చెప్పులకి ఇంత గౌరవం ఇచ్చే జాతర ఇంకెక్కడైనా వుందేమో నాకు తెలియదు. ఈ చెప్పుల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

మా అబ్బాయి హైదరాబాదులో వుద్యోగం. దీపావళి సెలవులకి కోడల్నీ పిల్లాణ్ణీ తీసుకుని వచ్చాడు. కారులో పోదామన్నాడు గాని, జాతర బస్సులో పోతేనే జాతరకి పోయినట్టు అని మా వారు పట్టుబట్టారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు కదా. కోడలికీ నాకూ ఉచితం. పిల్లాడికి ఐదేళ్ళు నిండలేదు కాబట్టి వాడికీ ఉచితం. మగవాళ్ళిద్దరికే డబ్బులు. ఇంతకాలానికి ఇంట్లో ఖర్చంతా మగవాళ్ళదేనని కండక్టరు కూడా ఒప్పుకున్నాడని కోడలు నవ్వింది.

కొండెక్కి దర్శనం చేసుకున్నాం. దిగి చెట్టు కింద పులిహోర తిన్నాం. పక్కన ఎవరో కొత్త కుండలో స్వామికి వండుతున్నారు. ఆ పొగ, బొరుగుల రాసులు, గాజుల దుకాణాలు, పీపీల మోత. అవన్నీ దాటితే మైదానంలో రాట్నాలు. ఒకటా రెండా! గుర్రాల రంగులరాట్నం, ఆకాశమంత జెయింటు వీలు, అటూ ఇటూ ఊగే పెద్ద ఓడ, కూర్చున్నవాళ్ళని గిరగిరా తిప్పి విసిరే బ్రేకుడాన్సు, పిల్లలు ఎగిరే గాలి బుంగ. మా చిన్నప్పుడు లేనివన్నీ వచ్చాయి.

అక్కడ మొదలయింది.

"జెయింట్ వీల్ ఎక్కుదామండీ, నేను వాణ్ణి ఒళ్ళో గట్టిగా పట్టుకుంటాను" అంది కోడలు.

"వద్దు. వాడు చిన్నపిల్లాడు. ఏదీ వద్దు" అన్నాడు మా అబ్బాయి.

"ఏదీ వద్దా? గుర్రం కూడా వద్దా? ఇట్లా అయితే వాడు పిరికివాడు కాడూ!"

"అయితే కానీ."

"ఎక్కియ్యండ్రా, పోరగానికి భయం పోతది. నా మనుమడు భయపడ్తడా?" అన్నారు మా వారు. ఆయనకి అన్నిటికీ మందు ఒకటే, భయం పోగొట్టడం.

చివరికి ముగ్గురూ నావైపు తిరిగారు. "మీరు చెప్పండి అత్తమ్మా" అంది కోడలు. నేను నోరు విప్పలేదు. నాలాంటి దాన్ని ఇట్లాంటి తీర్పు అడగకూడదు. ఎందుకో తరవాత చెబుతాను.

ముందు ఈ వయసు సంగతి చూడండి. పిల్లల వయసు మనం ఎన్ని రకాలుగా లెక్కపెడతామో! బస్సులోనూ రైల్లోనూ ఐదేళ్ళు దాటిన పిల్లాడికి నాలుగున్నరే. బడిలో చేర్చేటప్పుడు మూడు నిండని వాడికి నాలుగు. పక్కింటి పిల్ల మాటలు ముందొస్తే, "మావాడింకా చిన్నవాడు లెండి" అంటాం. మావాడు పద్యం చెబితే, "రెండేళ్ళకే!" అంటాం. రాట్నం దగ్గర మాత్రం ఎంత చిన్నవాడైనా పెద్దవాడే. పిల్లాడు పెరుగుతున్నది వాడి లెక్కన కాదు, మన అవసరం లెక్కన.

మా కోడలు దీనికి మంచి సంగతొకటి చెప్పింది. హైదరాబాదు శివార్లలో రావిర్యాల దగ్గర 2016లో వండర్లా అని పెద్ద వినోదాల పార్కు తెరిచారు కదా, అక్కడ వయసు అడగరట, ఎత్తు చూస్తారట. ఆటకింత ఎత్తుండాలని రాసి పెడతారు. పిల్లాణ్ణి నిలబెట్టి కొలుస్తారు. అంతవరకూ వచ్చాడా, సరే. రాలేదా, బతిమాలినా లాభం లేదు. మా మనవడు దాదాపు తొంభై సెంటీమీటర్లు. వాడికి తగినవి నెమ్మదిగా తిరిగే నాలుగైదు ఆటలే దొరికాయిట.

ఈ ఎత్తు పట్టింపు ఎందుకంటారా? ఊరికే కాదు. ఆ కుర్చీలో నడుముకి అడ్డంగా పడే ఇనుప కడ్డీ ఒక మోస్తరు ఒంటికి సరిపోయేట్టు చేస్తారు. అంతకంటే చిన్న ఒళ్ళయితే కడ్డీకీ ఒంటికీ మధ్య సందు మిగిలిపోతుంది. ఊపు వచ్చినప్పుడు పిల్లవాడు ఆ సందులోంచి జారిపోతాడు. తల్లి ఒళ్ళో కూచోబెట్టుకుంటే కడ్డీ తల్లికి సరిపోతుంది గాని పిల్లాడికి కాదు. ఇంకో సంగతి. పుట్టినప్పుడు బిడ్డ నిడివిలో నాలుగో వంతు తలకాయే. పెద్దవాళ్ళకి ఏడో ఎనిమిదో వంతు వుంటుంది. అంటే రెండేళ్ళవాడు తన ఒంటికి మించిన తలని లేతమెడ మీద మోస్తున్నాడన్నమాట. ఒక్కసారి విసురుగా కుదిపితే మనకి వచ్చేది నవ్వు, వాడికి వచ్చేది మెడనొప్పి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. మన అమ్మమ్మలు పసిపిల్లల్ని ఎత్తుకునేటప్పుడు మెడకింద చెయ్యి పెట్టమని ఊరికే తిట్టేవాళ్ళు కారు.

కాని మన జాతరలో ఆ గీతలెక్కడివి? డబ్బులిచ్చిన ప్రతివాడూ ఎక్కవచ్చు. "ఏం కాదమ్మా, ఎక్కు" అంటాడు టికెట్లవాడు. అతని పొట్టకూటి మాట అది. అంచేత అక్కడ గీత గియ్యాల్సింది మనమే. గీత మన మనసులో వుంటుంది. మన మనసేమో రాట్నం చూడగానే తిరగడం మొదలుపెడుతుంది.

ఇంతకీ చిక్కు కడ్డీది కాదు, మెడది కాదు. మా అబ్బాయీ కోడలూ చదువుకున్నవాళ్ళు. పెద్ద ఓడా, బ్రేకుడాన్సూ వద్దన్న దాంట్లో వాళ్ళకి తేడా లేదు. మరి తగాదా దేనికి? ఇంకా "ఔను" "కాదు" చెప్పటం పూర్తిగా రాని మనిషి తరఫున, వాడి సరదా ఏదో మనం నిర్ణయించవచ్చా అన్నదానికి. నేను బి.ఏ. చదివే రోజుల్లో జాన్ స్టూవర్ట్ మిల్ అనే ఇంగ్లీషాయన పాఠం వుండేది. 1859లో స్వేచ్ఛ మీద ఒక పుస్తకం రాశాడు. పక్కవాడికి కీడు చెయ్యనంత వరకూ ఎవరి బతుక్కి వాళ్ళే రాజులు, మేలు చేస్తున్నామని చెప్పి కూడా ఇంకొకరిని బలవంతం చెయ్యకూడదు అని ఆయన వాదం. చాలా బాగుంది. అయితే వెంటనే, ఇది పిల్లలకి వర్తించదు అని ఒక ముక్క చేర్చి దాటేశాడు. మేధావులంతా దాటేసిన ఆ ముక్కలోనే కదండీ తల్లులందరూ కాపరం చేసేది!

ఇప్పుడు నేను ఎందుకు నోరు విప్పలేదో చెబుతాను.

1973లో నాకు పదేళ్ళు. గద్వాలలో జమ్ములమ్మ జాతర. మాఘమాసం చలి. తమ్ముడూ నేనూ నాయన చెయ్యి పట్టుకుని పోయాం. చెక్క రాట్నం వచ్చింది. నాలుగు పెట్టెలు, ఇద్దరు మనుషులు చేతుల్తో తిప్పుతున్నారు. తమ్ముడికి ఏడేళ్ళు. వాణ్ణి ఎక్కించారు. నేనూ ఎక్కబోతే వెనకనుంచి అమ్మ నా జడ పట్టుకుంది. "ఆడపిల్లవి, పరికిణీ ఎగురుతుంది, నలుగురూ చూస్తారు. తమ్ముడి చెప్పులు పట్టుకుని నిలబడు" అంది. పట్టుకుని నిలబడ్డాను. తమ్ముడు పైకి పోతూ "అక్కా, కోట కనపడ్తుంది!" అని అరిచాడు. కోట రోజూ చూసేదే. అయినా పైనుంచి ఎట్లా వుంటుందో నేను చూడలేదు. ఆ రెండు చెప్పుల బరువు ఇవాళ్టికీ నా చేతుల్లో వున్నట్టే వుంటుంది.

తరవాత పెళ్ళయింది. 1989లో మా అబ్బాయికి మూడేళ్ళు. ఇదే కార్తీకం, ఇదే కురుమూర్తి. అప్పటికి ఇంత పెద్ద వీలు లేదు. అదే చెక్క రాట్నం, పెట్టెలు మాత్రం పెరిగాయి. ఇరవయ్యారేళ్ళ కోడలిపిల్ల "నేను రాట్నం ఎక్కుతానండీ" అంటే అత్తగారూ ఆడపడుచులూ ఏమనుకుంటారు? అంచేత మా వారితో ఏమన్నానో తెలుసా? "పిల్లాడు అడుగుతున్నాడండీ" అన్నాను.

వాడు అడగలేదు. వాడు నా కొంగు నోట్లో పెట్టుకుని బొరుగుల బండివైపు చూస్తున్నాడు.

ఎక్కాం. మొదటి చుట్టు వాడు చప్పుడు చెయ్యలేదు. వాడికీ బాగుందనుకున్నాను. పిల్లలు చప్పుడు చెయ్యకపోతే సంతోషంగా వున్నారని మనం ఎంత తేలిగ్గా అనుకుంటామో! నిజానికి కళ్ళు విప్పార్చి, ఒళ్ళు బిగదీసుకుని, ఊపిరి కూడా దాచుకున్నాడు. నేను చూళ్ళేదు. నేను కొండలు చూస్తున్నాను. ఎంత బాగున్నాయో ఆ కొండలు! రెండో చుట్టులో ఎవర్నో ఎక్కించుకోడానికి రాట్నం ఆపారు. మా పెట్టె పైన ఆగింది. అప్పుడు ఏడ్చాడు. అదొక ఏడుపా! "అమ్మా దిగుదాం, అమ్మా దిగుదాం" అని నా మెడ పట్టుకుని వేళ్ళాడాడు. నా చీరంతా తడిసింది. కింద మా వాళ్ళందరూ నవ్వుతున్నారు. నేను "ఆపండి" అని అరిస్తే తిప్పేవాళ్ళకి వినపడలేదు. ఇంకో నాలుగు చుట్లు తిరిగాకనే దిగాం.

ఇంటికొచ్చాక అందరూ వాణ్ణి పిరికివాడన్నారు. నేనూ అన్నాను. అదీ నా తప్పు. ఎక్కించడం కంటే అదే పెద్ద తప్పు. మా అబ్బాయి ఇప్పుడు పెద్ద వుద్యోగస్థుడు. అద్దాల లిఫ్టులో మాత్రం గోడవైపు తిరిగి నిలబడతాడు. దానికీ ఆ రాట్నానికీ లంకె వుందో లేదో నేను చెప్పలేను. ఎత్తంటే భయం ఎవరికైనా వుండవచ్చు. కాని వాడు లిఫ్టులో వెనక్కి తిరిగినప్పుడల్లా నా మెడ చుట్టూ చిన్నచేతులు బిగుసుకున్నట్టే వుంటుంది.

విచిత్రం చూడండి. ఆ ఏడాది, ఆ కార్తీకంలోనే, నవంబరు 20న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. పిల్లలకి సంబంధించిన విషయాల్లో వాళ్ళ అభిప్రాయానికి వయసునిబట్టి విలువ ఇవ్వాలని అందులో ఒక అంశం. ఆడుకునే హక్కు మీద ఇంకొక అంశం. 1992లో మన దేశం కూడా ఆ ఒప్పందంలో చేరింది. ప్రపంచమంతా కూచుని పిల్లవాడి మాట వినాలని రాసుకుంటున్న నెలలో, నేనొక పిల్లవాడు అనని మాట అన్నాడని చెప్పి రాట్నమెక్కాను.

ఇప్పుడు చెప్పండి, తీర్పు చెప్పే అర్హత నాకు వుందా? మా అమ్మ నన్ను అడక్కుండా వద్దంది. నేను నా కొడుకుని అడక్కుండా ఎక్కించాను. మా అమ్మ అతి జాగ్రత్త, నేను అతి సరదా అని చాలాకాలం అనుకున్నాను. కాదండీ. ఇద్దరిదీ ఒకటే తప్పు. ఇద్దరం పిల్లల మొహం చూళ్ళేదు. మా అమ్మ చూసింది నలుగురి మొహం. నేను చూసింది నా పదేళ్ళ మొహం.

ఇదంతా తలలో తిరుగుతూంటే తగాదా మధ్యలో నేనొక పని చేశాను. "మీరు ముగ్గురూ వాదించుకోండి, నేను వీణ్ణి తిప్పుకొస్తా" అని మనవడి చెయ్యి పట్టుకుని నడిచాను. చెయ్యి పట్టుకున్నానే గాని దారి వాడిదే. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని ఒకాయన వుండేవారు. వకీలు పని మానేసి పిల్లల బడి పనిలో పడి, 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టారు. పిల్లలు ఏం చేస్తున్నారో తదేకంగా చూడటమే ఆయన పని. జనం ఆయన్ని "మీసాల అమ్మ" అనేవారట. మీసాలున్న అమ్మే అంత ఓపిగ్గా చూస్తే, మీసాల్లేని అవ్వ చూడలేదా అనుకున్నాను.

వాడు ఏం చూశాడనుకున్నారు? జెయింటు వీలు చూళ్ళేదు. అంత పైకి వాడి తల ఎత్తితే వెనక్కి పడేట్టున్నాడు. వాడు చూసింది ముందు ఒక కుక్కపిల్లని. తరవాత డబడబలాడే జనరేటరుని. దాని చప్పుడికి చెవులు మూసుకుని, అయినా అక్కణ్ణించి కదలడు. తరవాత గుర్రాల రాట్నం. చిన్నది, చేత్తో తోసేది. దాని ముందు నిలబడి పోయాడు. "ఎక్కుతావా నాయనా?" అంటే తల అడ్డంగా ఆడించాడు. పోదామంటే దానికీ అడ్డంగానే ఆడించాడు. నిలబడ్డాం. ఒక ఆట అయింది. రెండో ఆట అయింది. మూడోసారి రాట్నం ఆగినప్పుడు వాడంతట వాడే పోయి ఎర్రగుర్రం మూతి ముట్టుకున్నాడు. వేలితో దాని కన్ను పొడిచి చూశాడు. గుర్రం ఏమీ అనలేదు. అప్పుడు నావైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు.

ఎక్కించాను. పక్కనే నడుస్తూ నడుం పట్టుకున్నాను. తోసే అతను మంచివాడు, మెల్లిగా తోశాడు. రెండు చుట్లు వాడి మొహం చూడాలి మీరు! మూడో చుట్టు సగంలో, నవ్వు అట్లాగే వుంది గాని, "అవ్వా, సాలు" అన్నాడు.

అంతే. "ఆపు నాయనా" అన్నాను. అతను కాలు అడ్డం పెట్టాడు. రాట్నం ఆగింది. దించాను.

ఆ ఒక్క మాటతో నాకు యాభయ్యేళ్ళ లెక్క తేలింది. రెండున్నరేళ్ళ పిల్లాడికి ఏ రాట్నం తగినది అంటే, వాడు "సాలు" అన్నప్పుడు ఆగేది. ఎత్తు, వేగం, కడ్డీ, అవన్నీ చూడాలి, ముందు చూడాలి. వాటిల్లో నెగ్గాక ఆఖరి ప్రశ్న ఇదే. జెయింటు వీలు ఎవరి మాటా వినదు. పైన ఆగినప్పుడు లోపల వున్నది మంత్రిగారైనా కిందికి దించదు. అట్లాంటిదాంట్లో కూచోడానికి, ఎంతసేపో, ఎందుకో తెలిసినవాళ్ళే కూచోవాలి. తెలియనివాడికి అది ఆట కాదు, చెర.

కోడలికి ఈ మాట చెబితే ఊరుకుంటుందా? లా చదివిన పిల్ల. "మరి సూదిమందు వేయించేటప్పుడు వాడు వద్దని ఏడిస్తే ఆపుతున్నామా అత్తమ్మా?" అంది.

బాగా అడిగింది. నేనూ ఆలోచించాను. సూది వాడికి అవసరం. వాడు ఏడ్చినా, ఒప్పుకోకపోయినా, దాని ఫలితం వాడికి దక్కుతుంది. సరదా అట్లా కాదు. సరదాకి ఫలితమే సరదా. వాడికి ఇష్టం లేకుండా వాడికి సరదా కలిగించడం ఎట్లా కుదురుతుంది? ఆకలి లేనివాడి నోట్లో లడ్డు కుక్కి తీపి తినిపించానన్నట్టు. అవసరమైన చోట పెద్దవాళ్ళ మాట చెల్లాలి. ఆనందం దగ్గర పిల్లవాడి మాటే చెల్లాలి.

"అయితే చైత్రంలో చిన్నత్తమ్మ వాళ్ళు సలేశ్వరం తీసుకుపోయారు కదా?" అంది మళ్ళీ. నాగర్‌కర్నూలు జిల్లా నల్లమల అడవిలో సలేశ్వరం వుంది. చైత్రపౌర్ణమికి ఆ కొద్ది రోజులే జాతర. రాళ్ళమీద, లోయలోకి, ఇరుకు దారిలో దిగాలి. దిగేవాళ్ళు "వస్తున్నాం లింగమయ్యా" అంటూ దిగుతారు, ఎక్కేవాళ్ళు "పోయొస్తాం లింగమయ్యా" అంటూ ఎక్కుతారు. మా చెల్లెలి అల్లుడు రెండేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని అంత దూరమూ దిగాడు. అక్కడ ఎత్తు కొలిచే గీతా లేదు, కడ్డీ లేదు. రాట్నం కంటే అదే ప్రమాదమని మా అబ్బాయి అప్పుడు కోప్పడ్డాడు కూడా.

ఆ జనంలో అంత పసిపిల్లని తీసుకుపోవడం నాకూ నచ్చలేదు, అది వేరే మాట. కాని ఒక్కటి ఆలోచించండి. తండ్రి భుజం ఎట్లాంటి వాహనం? పిల్ల ఏడిస్తే ఆగుతుంది. దాహమంటే కూచుంటుంది. దాని గుండె చప్పుడు పిల్లకీ, పిల్ల గుండె చప్పుడు దానికీ వినపడుతుంది. వెనక్కి పోదామంటే తిరుగుతుంది, తిరగాలి. లోకంలో "సాలు" అంటే ఆగే మొదటి రాట్నం తల్లి ఒడి, రెండోది తండ్రి భుజం. అందుకే పిల్లలు వాటిమీద నిద్రపోతారు. జెయింటు వీలు మీద నిద్రపోయిన పిల్లాణ్ణి మీరెప్పుడైనా చూశారా?

ఈ కొలబద్ద చేతికొచ్చాక నాకు ఎక్కడ చూసినా రాట్నాలే కనపడుతున్నాయి. మూడేళ్ళు నిండకుండా బడికి పంపడం, నాలుగేళ్ళకి డాన్సు, ఐదేళ్ళకి కంప్యూటరు, పదో తరగతి దాటగానే హాస్టల్లో వేసి తాళం. ఇవన్నీ ఎక్కించేముందు మనం "పిల్లాడు అడుగుతున్నాడండీ" అనే అంటాం. ఎక్కాక వాడు "సాలు" అంటే ఎవరికీ వినపడదు. ఫీజు కట్టేశాంగా! ఆగే రాట్నమైతే ఎక్కించడానికి భయం లేదు. నచ్చకపోతే దిగుతాడు. ఆగని రాట్నమైతే వాడికి తెలివి వచ్చేదాకా ఆగాలి మనం.

మా వారిది ఇంకొక ప్రశ్న. "పెద్దయ్యాక వానికి ఇదంతా యాదికుంటదా? యాదికుండని దానికి ఇంత ఆలోచనెందుకు?" అన్నారు. నిజమే, రెండేళ్ళ వయసులో జరిగినవి పెద్దయ్యాక సాధారణంగా ఎవరికీ గుర్తుండవు. నేను ధైర్యం చేసి ఆ రోజు మైదానంలోనే మా అబ్బాయితో 1989 సంగతి చెప్పేశాను. "నువ్వు అడగలేదురా, నేనే ఎక్కాలని నీ పేరు చెప్పాను. నువ్వు పిరికివాడివి కాదు. నేనే ఆపించలేకపోయాను" అన్నాను. వాడు నవ్వాడు. "నాకేం గుర్తు లేదమ్మా" అన్నాడు. అని, కాసేపాగి, "పిరికివాడన్నది మాత్రం గుర్తుంది" అన్నాడు.

రాట్నం మరిచిపోయాడు. మాట మరిచిపోలేదు. ఇంతకంటే ఏం చెప్పమంటారు? ఈ పూట ఎర్రగుర్రం కూడా మా మనవడు మరిచిపోతాడు. కాని చాలంటే ఆగుతారు అన్న నమ్మకం ఒకటి ఎక్కడో వాడి లోపల ఇంకి వుంటుంది. పునాదిలో వేసిన రాయి ఇల్లు కట్టాక కనపడుతుందా?

ఇంకొక్క ముక్క చెప్పి ముగిస్తాను. చీకటి పడేవేళకి జెయింటు వీలుకి దీపాలు పెట్టారు. కోడలు దానివైపే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. పదేళ్ళప్పుడు నేను చూసిన చూపు, ఇరవయ్యారేళ్ళప్పుడు పిల్లాడి పేరు చెప్పి దాచుకున్న చూపు. అప్పుడు అర్థమయింది పొద్దుటినుంచీ తగాదా దేనికో. వీలు ఎక్కాలని వున్నది వాడికి కాదు, వాళ్ళమ్మకి!

"వాడెందుకమ్మా మధ్యలో? నువ్వెక్కాలనుకుంటే నువ్వెక్కు. పద, నేనూ వస్తాను" అన్నాను.

ఆ పిల్ల నోరు తెరిచింది. మా వారు రెండు నోళ్ళు తెరిచినంత పని చేశారు. అరవై రెండేళ్ళ ముసలమ్మకి ఇదేం పొయ్యేకాలం అన్నట్టు చూశారు. అమెరికాలోని షికాగోలో 1893లో పెద్ద ప్రదర్శన జరిగితే, ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఎత్తు చక్రం కట్టాడట. అందులోకి టోపీలు పెట్టుకున్న దొరలతోపాటు పొడుగు గౌన్ల దొరసానులూ ఎక్కారు. వాళ్ళ గౌన్లకి లేని భయం గద్వాల చీరకెందుకు? కొంగు నడుంలో దోపాను.

చెప్పులు విప్పి మా వారి చేతికిచ్చాను. "పట్టుకుని నిలబడండి" అన్నాను. ఆయన ఒక్క క్షణం వాటివైపు చూసి, ఏమనుకున్నారో, మాట్లాడకుండా పట్టుకున్నారు. ఒక చెప్పు మనవడు లాక్కుని గుండెలకి హత్తుకున్నాడు. మైదానం అవతల ఉద్దాల మొక్కు తీర్చుకున్నవాళ్ళు ఇంకా కొండ దిగుతూనే వున్నారు.

పైకి పోయాం. కొండలు, దీపాలు, ఎక్కడో కుండల కింద మంటలు. అబ్బ, ఎంత బాగుందో! మూడో చుట్టుకి కడుపులో తిప్పింది. "సాలమ్మా, ఆపమను" అని అరిచాను. ఆగలేదు. కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. మరి, తెలిసే ఎక్కానుగా.